పెదనాన్న వేసిన మూడు మార్కులు

శేషాచలంగారి చేతికి ఏ కాగితం చిక్కినా దానికి మార్కులు పడాల్సిందే. హెడ్మాస్టరుగా రిటైరై ఆరేళ్లయినా ఎర్రసిరా కలం ఆయన జేబు దిగలేదు. ఎవరింటి శుభలేఖ వచ్చినా "భోజనాలన్నారు గానీ ఎన్నింటికో రాయలేదు. అయిదు" అని వేసి తిప్పి పంపేవారు. పత్తి చేలకి కొట్టే పురుగుమందు డబ్బా మీది కాగితానికి నాలుగు వేశారు. మిర్చి వ్యాపారి మాబు సాహెబ్ కొట్టు ముందు బోర్డుకి ఆరు వేస్తే, ఆ పెద్దమనిషి నెలరోజులు ఈ వీధిలోకి రాలేదు.

ఈ మార్కుల దెబ్బ అందరికంటే ఎక్కువ తిన్నది ఆయన తమ్ముడి కూతురు కామేశ్వరి. వీధిలో కొత్త గొంతు వినబడితే వంటింట్లో దూరే పిల్ల. అలాంటిది 1984లో విద్యార్థుల ఎక్స్ఛేంజి కింద గుంటూరు కాలేజీ నుంచి ఏడాదిపాటు డెన్మార్కు వెళ్లడానికి ఎంపికైంది. రాతపరీక్షకి నోటితో పనిలేదు కదా.

తండ్రి అనంతపద్మనాభం ఒక్కటే షరతు పెట్టాడు. "పిల్ల బెంగపడ్డట్టు ఒక్క ముక్క రాసినా సరే, వెంటనే వెనక్కి పిలిపిస్తా. తర్వాత నన్నెవరూ ఏమీ అనొద్దు."

వెళ్లిన వారానికే కామేశ్వరికి ఆ షరతు దేవుడిచ్చిన వరంలా కనిపించింది. కూర్చుని, ఏడ్చి, ఇంటికి ఉత్తరం రాసింది. "ఇక్కడ అన్నం లేదు. మాట్లాడే మనిషి లేడు. నేనుండలేను. నన్ను వెనక్కి పిలిపించెయ్యమని నాన్నతో చెప్పండి."

ఇంటికొచ్చే ఉత్తరాలు మొదట ఇంటికి పెద్దైన శేషాచలంగారు విప్పి, వసారాలో అందరికీ చదివి వినిపించడం ఆ ఇంటి ఆచారం. నాలుగు వారాలకి కామేశ్వరికి జవాబొచ్చింది. విప్పితే ఏముంది, తన ఉత్తరమే. నిండా ఎర్రసిరా.

"అన్నం లేదు సరే, మరి ఏం తింటారు? ఎవరు వండుతారు? మాట్లాడే మనిషి లేడంటున్నావు, ఊరి జనాభా ఎంత? అందులో ఎంతమందిని పలకరించావు? వివరం చాలదు. పదికి మూడు. తిరిగి రాయుము."

మీరే చెప్పండి, ఇది న్యాయమేనా? ఆడపిల్ల దేశం కాని దేశంలో గుండెలు బాదుకుంటుంటే, ఆ బాదుకోవడానికి మార్కులా? కామేశ్వరి ఒళ్లు మండిపోయింది. ఇంతకంటే రాయి నయం అనుకుంది. ఏడవడం మానేసి పళ్లు కొరికింది. జనాభా కావాలా ఈయనకి? ఇస్తా, ఊపిరాడకుండా ఇస్తా.

మర్నాడే వెళ్లి, తనుండే ఇంటావిడ కారెన్‌ని జనాభా అడిగింది. అది ఆ ఇంట్లో ఆమె మొట్టమొదట నోరు తెరవడం. పాపం కారెన్ ఉలిక్కిపడి, పక్కింటివాళ్లని పిలిచింది. వాళ్లు ఇంకొకళ్లని పిలిచారు. సాయంత్రానికి కామేశ్వరి పద్నాలుగు మందితో మాట్లాడింది, ఒళ్లంతా కోపంతోనే.

రెండో ఉత్తరానికి నాలుగు వచ్చాయి. "బంగాళాదుంపలు ఏరుతున్నారని రాశావు. మన మిర్చి కళ్లంలో ఆడవాళ్లు రంగుపోయిన తాలుకాయలు వేరుచేసినట్టు వీళ్లు దేన్ని తీసేస్తారు? చెయ్యి పెట్టి చూశావా?" ఆ కసితో మూడు రోజులు మట్టిలో కూర్చుని దుంపలు ఏరింది. ఏరేవాళ్ల పక్కన కూర్చోగా వాళ్ల భాషా కాస్త అబ్బింది. మూడోదానికి అయిదు. "ఈ మనిషి చేత పది వేయించుకోకుండా నేను ఇల్లు చేరను" అని పంతం పట్టింది.

ఈ మార్కులెయ్యడం సంక్రమించే జబ్బు కాబోలు. ఒకరోజు అక్కడి బళ్లో ఒక మాస్టారు "భారతదేశంలో ఆడపిల్లలు నోరెత్తరు" అన్నాడు. కామేశ్వరి లేచి నిలబడింది.

"మీరు ఎంతమందిని పలకరించి చెబుతున్నారండీ?"

ఎవర్నీ లేదని ఆయన ఒప్పుకున్నాడు. "అయితే పదికి మూడు" అని కూర్చుంది.

ఏడాది తిరిగి, పది పడకుండానే ఇల్లు చేరింది. తల్లి జ్ఞానప్రసూనాంబ కొసరి వడ్డిస్తూ అంది: "నీ మొదటి ఉత్తరానికి మీ నాన్న ఎంత పొంగిపోయాడే. ఆ ఇంటావిడ నీకోసం పెరుగు తోడుపెట్టిందని రాశావు చూడు, అప్పటికి గానీ ఆయన కుదుటపడలేదు."

కామేశ్వరి చేతిలో ముద్ద ఆగిపోయింది. మొదటి ఉత్తరంలో పెరుగెక్కడిది? "నువ్వు చూశావా అమ్మా ఆ ఉత్తరం?"

"చూడనిస్తేగా. బావగారు చదివి వినిపించి, తప్పులున్నాయి, దిద్ది తిప్పి పంపాలన్నారు. ఆయన సంగతి తెలిసిందేగా, ఎవరం మారుమాట్లాడలేదు."

ఎడమచేత్తో కొంగు దోపుకుని, ఎంగిలిచేత్తోనే వసారాలోకి దూసుకొచ్చింది. "పెదనాన్నా, నేను రాయని పెరుగు మీరెట్లా చదివారు?"

శేషాచలంగారు పేపరు దించారు. "నిజం చదివితే మీ నాన్న నిన్ను వెనక్కి రప్పించేసేవాడు కదమ్మా."

"రప్పిస్తే మీకేంటి?"

ఆయన పేపరు మడిచి పక్కన పెట్టారు. "పదహారేళ్లప్పుడు నన్ను చదువుకని కాశీ పంపారు. పన్నెండో రోజున ఏడుస్తూ ఉత్తరం రాశా. మా నాన్న పరుగున వచ్చి తీసుకొచ్చేశాడు. ప్రేమే, ఆయన్నేమీ అనను. కానీ గంగ ఎట్లా ఉంటుందని ఎవరైనా అడిగితే ఇప్పటికీ చెప్పలేను. ఏడుపులో చూళ్లేదు."

"ఆ సంగతి నాకు రాయొచ్చుగా."

"రాస్తే ఇంకా ఏడ్చేదానివి. కోపమొచ్చింది గనక నిలబడ్డావు."

కామేశ్వరికి కోపం దిగలేదు, కానీ దాన్ని ఎవరి మీద పెట్టాలో తోచలేదు. గుమ్మానికి ఆనుకుని నిలబడి, "ఇంతకీ మీ కాశీ ఉత్తరానికి ఎన్ని వేస్తారు?" అంది.

శేషాచలంగారు నిజాయితీగా ఆలోచించారు.

"సున్నాయే. కానీ మా నాన్నని అంత దూరం రప్పించింది కదా. ఒకటిన్నర ఇద్దాంలే."