మా ఊరి అల్లుడి కోసం చేయించిన ప్రార్థన

ఇది బయటపెట్టడానికి నాకు చాలా ఏళ్లు పట్టింది. చెప్పాలని లేక కాదు. చెబుదామని నోరు తెరిచినప్పుడల్లా ఎదుటివాళ్లు నా అబద్ధాన్నే నాకు తిరిగి చెప్పేవారు, నాకే తెలియని వివరాలు కూడా కలిపి. విసుగొచ్చి ఊరుకునేదాన్ని. ఆ విసుగు వాళ్ల మీదో నా మీదో ఇప్పటికీ తేల్చుకోలేదు. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. అందుకే మీకు చెబుతున్నాను. ఓదార్చవద్దు, వినండి చాలు.

మాది నిడదవోలు. కాలేజీ ఆఫీసులో గుమస్తాగా పనిచేస్తున్నాను. లూథరన్ చర్చికి వెళతాను, అక్కడి స్త్రీల సమాజానికి కార్యదర్శిని. ఇవి కాక నాకు గోల్ఫ్ పిచ్చి. నవ్వకండి. మా డెల్టాలో అంత ఖాళీ నేల కనబడితే నాట్లు వేసుకుంటాం గాని బంతి ఆడుకోం. నేను ఆ కర్ర చేత్తో ముట్టుకున్నది కూడా లేదు. అయినా ఆయన ఆడుతున్నాడంటే ఆఫీసుకి సెలవు పెట్టేదాన్ని.

ఆయన పేరు రాయను. చిన్నప్పుడు విశాఖపట్నంలో పెద్దవాళ్ల గోల్ఫ్ సంచులు మోసి, ఆ మోతలోనే ఆట నేర్చుకుని, పై దేశాల్లో కప్పులు గెలిచినవాడు. మా చర్చి పిల్ల సునీతని పెళ్లాడాడు. దాంతో మా ఊరి అల్లుడయ్యాడు. మా వైపు అల్లుడంటే ఏంటో వేరే చెప్పాలా? ఆయన ఆవలిస్తే చిటికె వేయడానికి ఊరంతా తయారు. ఒక ఎరువుల కొట్టు మేడ మీద టీవీ పెట్టుకుని అభిమానులందరం పోగయ్యేవాళ్లం. ఫోన్లో మా గ్రూపు పేరు కూడా 'మన అల్లుడు'. అందులో ఆడమనిషిని నేనొక్కదాన్నే. సునీత మా చర్చిదే కాబట్టి అందరూ నన్నే అడిగేవారు, అల్లుడుగారి కబుర్లేంటండీ అని. నా దగ్గర ఏ కబుర్లూ ఉండేవి కావు. సునీత మాట పొదుపు మనిషి. కాని ఏమీ తెలియదని ఒప్పుకోవడం నాకు నామోషీగా ఉండేది.

ఆ పెద్ద పోటీలో ఆయన చివరి దెబ్బ దగ్గర తప్పాడు. గుంటకి మూరెడు దూరంలో బంతి ఉంది. నెమ్మదిగా తోస్తే పడిపోవాలి. పడలేదు, అంచు మీదుగా పక్కకి పోయింది. కప్పు ఇంకొకరు ఎత్తుకున్నారు.

మర్నాడు మేడ మీద అందరం కూర్చున్నాం. చావు ఇంట్లో కూర్చున్నట్టుంది. ఎవరో అన్నారు, చేతులు వణికాయని. ఇంకెవరో అన్నారు, మొదటినుంచీ గుండె ధైర్యం తక్కువేనని. నాకు ఒళ్లు మండిపోయింది. నిన్నటిదాకా నెత్తిన పెట్టుకున్న మనిషిని ఒక్క దెబ్బకి ఇలా దింపేస్తారా? ఆయన ఓడిపోవడానికి ఏదో కారణం ఉండాలి, ఆ కారణం ఆయన కాకూడదు. నాకు కావలసింది అంతే.

అప్పటికి సునీత కొన్ని నెలలుగా పుట్టింట్లోనే ఉంటోంది. వాళ్లమ్మ స్నానాల గదిలో జారిపడి తుంటి విరగ్గొట్టుకుంది. ఈ సంగతి నాకు తెలుసు. రాగిజావ కాచి నేనే పట్టుకెళ్లాను. సునీతా, వాళ్ల తమ్ముడి భార్యా కలిసి ఆ పెద్దావిడని పక్కకి తిప్పడం చూశాను. నేనుండగానే మొగుడి దగ్గర్నుంచి ఫోనొస్తే సునీత నవ్వుతూ మాట్లాడటం కూడా విన్నాను. ఇదంతా ఎందుకు రాస్తున్నానంటే, పాపం ఈవిడ పొరపాటు పడింది కాబోలని మీరు నన్ను వెనకేసుకు రాకూడదు.

అన్నీ తెలిసే అన్నాను, "ఇంట్లో మనశ్శాంతి లేకపోతే చేతులెలా నిలుస్తాయండీ? ఆవిడ చూస్తే ఇన్ని నెలలుగా ఇక్కడే ఉంది" అని.

ఒక్కసారిగా అందరి మొహాలూ తేటపడ్డాయి. అల్లుణ్ణి అనే అవసరం తప్పిపోయింది. పిల్లని అంటే సరిపోతుంది, పిల్ల మనదే కాబట్టి ఎంతైనా అనొచ్చు. రిటైరైన రైల్వే గార్డుగారైతే నాకు స్వయంగా టీ తెప్పించారు. ఆ టీ తాగాను.

అక్కడితో ఆగినా బాగుండేది. మగవాళ్లు మేడ మీద అనుకున్న మాట మెట్లు దిగేసరికి చల్లారిపోయేదేమో. కాని వాళ్ల భార్యల్లో కొందరు మా చర్చివాళ్లు. వాళ్లు నన్ను నిలదీస్తే? నేనన్న మాటకి ఏదో ఒక దన్ను కావాలి. బుధవారం స్త్రీల సమాజంలో ప్రార్థన మనవులు చెప్పమంటారు. ఒకరికి జ్వరమనీ, ఒకరి పిల్లాడికి పరీక్షలనీ చెప్పుకుంటాం, అందరం కళ్లు మూసుకుని ప్రార్థిస్తాం. అక్కడ చెప్పిన మాట నిజమా అని ఎవరూ అడగరు. అడిగితే భక్తి లేనట్టు. ఆ సంగతి కార్యదర్శిగా నాకంటే ఎవరికి బాగా తెలుసు?

లేచి నిలబడి, "సునీత కుటుంబంలో సమాధానం కోసం ప్రార్థించండమ్మా" అన్నాను. మా చర్చి మాటల్లో సమాధానమంటే శాంతి. ఇంకేమీ అనలేదు. అనక్కర్లేకపోయింది. అందరూ తలలు వంచారు. నాకు ఏడుపొచ్చింది కూడా. దొంగ ఏడుపు అయితే ఇంత బాధ ఉండేది కాదు. నిజంగానే ఏడ్చాను. నా అబద్ధానికి నేనే ఎలా ఏడవగలిగాను?

మూడో ఆదివారం ఆరాధన అయ్యాక చెప్పులు వేసుకుంటుంటే సునీత నా పక్కకి వచ్చి నిలబడింది.

"అక్కా, నాకోసం ప్రార్థన చేయించారంట కదండీ."

"అందరి కోసం చేస్తాం కదమ్మా."

"మా అత్తగారు ఫోన్ చేశారండి. ఊరంతా మీ కాపురం కోసం ప్రార్థన చేస్తున్నారంట, నాకు చెప్పకుండా ఏం దాస్తున్నారని అడిగారు. ఏం చెప్పాలో తెలీలేదండి. మా మధ్య ఏముందక్కా? మీకెవరు చెప్పారండి?"

అప్పుడైనా చెప్పొచ్చు. ఆ పిల్ల కోపంగా కూడా లేదు. నిజంగా తెలుసుకోవాలని అడిగింది. నేను చెప్పు పట్టీ సర్దుకుంటూ వంగి, తల ఎత్తకుండానే అన్నాను.

"మీ ఇంట్లోంచే వచ్చిందమ్మా మాట. ఎవరని చెప్పను?"

ఆ ఇంట్లో ఆడవాళ్లంటే మంచం మీద తల్లీ, తమ్ముడి భార్యా. తల్లి అనదు కదా. సునీత మొహం మాడిపోయింది. "అలాగాండి" అని వెళ్లిపోయింది.

తర్వాత ఆ వదినామరదళ్లకి మాటలు లేవని విన్నాను. పెద్దావిడని తిప్పడానికి జీతం మీద మనిషిని పెట్టారు. అత్తగారు వచ్చి గొడవ పెట్టుకుని వెళ్లారు. ఆయన రావడం తగ్గింది. కొన్నేళ్లకి ఇద్దరూ నిజంగానే విడిపోయారు. నా వల్లేనా? పెద్ద ఆటగాళ్ల కాపురాల్లో వెయ్యి ఉంటాయి, నా ఒక్క మాటకి అంత బలం ఉందనుకోవడం కూడా నా గొప్పేనేమో. ఇలా అనుకుని కొన్నాళ్లు తేలికపడతాను. మళ్లీ ఆ చెప్పుల దగ్గరి మొహం గుర్తొస్తుంది. అన్నిటికంటే చిరాకు ఏంటంటే, ఇప్పుడు అది అబద్ధమని చెప్పడానికి కూడా లేదు. నిజమై కూర్చుంది.

ఈమధ్య ఆయన నడుం నొప్పితో ఆట మానేశాడు. మేడ మీద ఇప్పుడు రోజూ ఆయన ఘనత గురించే చర్చ. ఎన్ని గెలిచాడు, ఎన్ని గెలిచేవాడు, మన పిల్లలకి ఏం మిగిల్చాడు. చర్చ ఎటు తిరిగినా సునీత దగ్గరికే వచ్చి ఆగుతుంది. ఆవిడే సరిగ్గా ఉంటే ఆ కప్పు మనదే అంటారు. పోటీ ముందు రాత్రి ఫోన్లో ఏడిపించిందట. నగలన్నీ పట్టుకుని వచ్చేసిందట. ఇవన్నీ ఎక్కడ పుట్టాయి? నేను వేసింది ఒక్క విత్తనం, పంట వాళ్లే పండించుకున్నారు.

మొన్న ఉండబట్టలేక అన్నాను, ఆ రోజుల్లో వాళ్లు బాగానే ఉండేవారండీ, నేను చూశాను అని. గార్డుగారు జాలిగా చూశారు. "మీది మంచి మనసండి. ఆ పిల్ల కోసం ఆరోజే ప్రార్థన చేయించినవారు మీరు" అన్నారు. తక్కినవాళ్లు తలలూపారు. నాకు ఆ టీవీ పగలగొట్టాలనిపించింది. మెట్లు దిగి వచ్చేశాను.

సునీత ఇప్పుడు ఊళ్లోనే ఒక బళ్లో పాఠాలు చెబుతోంది. ఆదివారం నాకు రెండు వరసల ముందు కూర్చుంటుంది, ఒక్కతే. తమ్ముడి భార్య ఇంకో వైపు కూర్చుంటుంది. తల్లి పోయాక కూడా వాళ్లు కలవలేదు. నేను వాళ్లిద్దరి వీపులూ చూస్తూ పాటలు పాడతాను. క్షమించమని అడగాలంటే ముందు ఏం చేశానో చెప్పాలి. అదే నోటికి రాదు. అందుకే మీకు రాస్తున్నాను. మీకు రాస్తే ఆ పిల్లకి ఒరిగేదేమీ లేదని తెలుసు. అయినా ఒక్కసారైనా ఎక్కడో ఒకచోట ఈ మాట ఉన్నది ఉన్నట్టు ఉండాలి.

ఆరోజుకి ఆ ఇంట్లో ఏ గొడవా లేదు. తమ్ముడి భార్య ఎవరితోనూ ఏమీ అనలేదు. అన్నది నేను.