గూడబాతు వీరుడికి ఎడిటింగ్ చేసిన రోజులు

మూడేళ్ల కిందట, వానాకాలం ఇంకా మొదలుకాక ముందు, నా ఉద్యోగ జీవితంలో చివరి పెద్ద పనికి పిలుపు వచ్చింది. హైదరాబాదులోని ఒక టెలివిజన్ చానల్ వారు ఒక కామిక్‌ను నటీనటులతో సీరియల్‌గా తీయబోతున్నారు. దాని పైలట్‌కు నన్ను ఎడిటర్‌గా వేశారు. పైలట్ అంటే మొదటి ఎపిసోడ్. చానల్ వారు దాన్ని చూశాకే మిగతావి తీయాలో వద్దో తేల్చుకుంటారు. షూటింగ్ అంతా ఏలూరు, కొల్లేరు చుట్టుపక్కలే గనక ఎడిటింగ్ గది కూడా ఏలూరులోనే ఉండాలని దర్శకుడు పట్టుబట్టాడు. నాకు అదీ సంతోషమే. నేను పుట్టి పెరిగింది ఆ ఊళ్ళోనే. పవర్‌పేటలో మా నాన్నగారికి దర్జీ కొట్టు ఉండేది. నేను ఈ వృత్తిలోకి వచ్చినప్పుడు, బట్ట అయితేనేం బొమ్మ అయితేనేం, కత్తిరించడమే కదమ్మా రజియా అని ఆయన నవ్వారు.

ఆ కామిక్ పేరు ‘గూడబాతు వీరుడు’. దెందులూరు దగ్గర ఒక పల్లెలో లెక్కల పాఠాలు చెప్పే సుగుణ టీచర్ దాన్ని గీసేవారు. వారానికొక పేజీ ఫోన్లో పెట్టేవారు. మా జిల్లాలో దాన్ని ఒకరికొకరు పంపుకోని వాళ్ళు తక్కువ. కథానాయకుడు సూర్రావు పెదపాడులో చేపల మేత అమ్ముకునే మనిషి. ఒకనాడు కొల్లేట్లో, ముక్కు కింద సంచితో చేపలు పట్టే గూడబాతు పక్షి ఒకటి అతన్ని కరుస్తుంది. అప్పటినుంచి తనకు అద్భుత శక్తులు వచ్చాయని నమ్మి, భుజాల మీంచి తెల్లటి దుప్పటి కట్టుకుని, చేపల చెరువులను దొంగల నుంచి కాపాడటానికి బయల్దేరతాడు. నిజానికి చెరువుల వాళ్ళకు గూడబాతు కంటే పెద్ద దొంగ లేదు. టపాకాయలు పేల్చి, వలలు కట్టి వాటిని తోలుకుంటూ ఉంటారు. అందుకని మన వీరుడు ఎవరి చెరువును కాపాడబోతే వాళ్ళే అతన్ని తరుముతారు. విదేశీ వీరుల కథలను వెక్కిరించే ఈ బొమ్మల్లో మా ప్రాంతం మొత్తం ఉంది.

దర్శకుడు కిశోర్‌కు ముప్పై దాటి ఎంతో కాలం కాలేదు. ఆ కామిక్ హక్కుల కోసం సుగుణ టీచర్ చుట్టూ, చానల్ చుట్టూ కొన్నేళ్ళు తిరిగినవాడు. సూర్రావు వేషానికి తాడేపల్లిగూడెంలో నాటకాలాడే రాంబాబును తీసుకున్నాడు. అతను రైసు మిల్లులో సూపర్‌వైజరు పని మానుకుని వచ్చాడు. తల్లి వేషానికి వరలక్ష్మి గారు. ఆవిడ కూడా రంగస్థలం మనిషే.

మా పని ఎలా సాగుతుందో చెప్పాలి. ఆ రోజు తీసిన షాట్లన్నీ ఎడిటింగ్ గదికి వస్తాయి. వాటిని రషెస్ అంటాం. అసిస్టెంట్ ఎడిటర్ బొమ్మనూ శబ్దాన్నీ కలిపి, సీన్ల వరుసలో పెడతాడు. దాన్నుంచి నేను రఫ్ కట్ చేస్తాను. దర్శకుడితో కూర్చుని దాన్ని బిగిస్తే ఫైన్ కట్. ఆయన సరేనన్న తర్వాత ఇక మార్చకుండా లాక్ చేస్తాం. అక్కడినుంచి గ్రాఫిక్స్ వాళ్ళకూ సంగీతం వాళ్ళకూ వెళ్తుంది. ఎడిటర్ సలహా చెప్పవచ్చు, వాదించవచ్చు. లాక్ చేసేదాకా మాట మాత్రం దర్శకుడిదే. ఆయన పైన చానల్ తరఫున ఎగ్జిక్యూటివ్ ప్రొడ్యూసర్ ఉంటారు. మాకు భార్గవి గారు ఉండేవారు.

పైలట్‌లో అన్నిటికంటే ముఖ్యమైనది సూర్రావు మొదటిసారి ఎగరబోయే సీను. చెరువు గట్టు మీద మోటారు షెడ్డు ఎక్కి, గూడబాతును తలచుకుని, చేతులు చాపి దూకుతాడు. కిశోర్ దీనికోసం క్రేన్ తెప్పించి, రాంబాబుకు నడుముకు తీగలు కట్టించి, ఫైట్ మాస్టర్ను పక్కన పెట్టుకుని తీశాడు. దుప్పటి విచ్చుకుంటుంది. మనిషి ఒక్క క్షణం గాల్లో ఆగినట్టు కనిపిస్తాడు. ఆ తర్వాత కాళ్ళూ చేతులూ కొట్టుకుంటూ చెరువులో వెల్లకిలా పడతాడు. వెనక నిజమైన గూడబాతుల గుంపు లేస్తుంది. చాలా అందమైన షాట్. వేర్వేరు కోణాల నుంచి తీసిన ముక్కలను కలిపి, నాకు చేతనైనంత బాగా కట్ చేశాను. చూసినవాళ్ళంతా మెచ్చుకున్నారు.

చానల్ వారి పద్ధతి ప్రకారం ఫైన్ కట్‌ను మామూలు ప్రేక్షకులకు వేసి చూపాలి. తాడేపల్లిగూడెంలో ఒక ఫంక్షన్ హాలు తీసుకుని, మిల్లుల్లో పనిచేసే కుటుంబాలనూ, మార్కెట్ యార్డు వాళ్ళనూ, కాలేజీ పిల్లలనూ పిలిచారు. ఇలాంటి ప్రదర్శనల్లో నేను తెర చూడను. ముందు వరసలో ఒక పక్కగా కూర్చుని జనం మొహాలు చూస్తాను. గూడబాతు కరిచినప్పుడు నవ్వారు. దుప్పటి కట్టుకున్నప్పుడు ఇంకా బాగా నవ్వారు. అతను షెడ్డు మీంచి దూకి నీళ్ళలో పడ్డాడు. హాలంతా నిశ్శబ్దమైపోయింది. రెండో వరసలో ఒకావిడ చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుని, పక్కనున్నావిడతో అన్న మాట నాకు స్పష్టంగా వినిపించింది.

“అయ్యో పాపం, నడుం పట్టేసుంటాదండీ.”

ఆ తర్వాత నవ్వు తిరిగి రాలేదు. వాళ్ళు సూర్రావు కోసం దిగులుపడుతూ మిగతా ఎపిసోడ్ చూశారు.

భార్గవి గారు మర్యాదగానే చెప్పారు. చిత్రీకరణ బాగుంది, నటులు బాగున్నారు, కానీ హాస్యం అని చెప్పి తెచ్చినదానికి జనం నవ్వడం లేదు. ఇంకొక్కసారి వేసి చూస్తామనీ, అప్పుడూ ఇలాగే ఉంటే ఇక్కడితో ఆపేస్తామనీ అన్నారు. ఆ మాట విన్నప్పుడు కిశోర్ తలూపాడు గానీ మొహంలో నెత్తురు లేదు. రాంబాబు బయట వరండాలో నిలబడి ఉన్నాడు. మిల్లు పని వదులుకుని వచ్చిన మనిషి.

మర్నాటినుంచి కిశోర్ ఆ సీనుకు హంగులు మొదలుపెట్టాడు. పడ్డ చోట ‘ధబ్’ అని పెద్ద రంగు అక్షరాలు వేయమన్నాడు. బూర శబ్దం పెట్టమన్నాడు. ఫిల్ము వేగం పెంచి చూశాం. అడిగినవన్నీ చేశాను. చేసి చూస్తే ఇంకా ఘోరంగా ఉంది. దెబ్బ తగిలిన మనిషిని చూసి ఎవరో బూర ఊదుతున్నట్టుంది.

అప్పుడు సుగుణ టీచర్ను ఒకసారి పిలిపించమని అడిగాను. ఆవిడ ఆదివారం చర్చి నుంచి తిన్నగా బస్సెక్కి వచ్చారు. తెల్లచీర, చేతిలో బైబిలు, నెమ్మదైన మాట. కట్ మొత్తం చూశారు.  బాగా కష్టపడ్డారండీ అన్నారు. మీ బొమ్మల్లో ఈ పడటం చూసి ఊరంతా నవ్విందే, ఇక్కడెందుకు నవ్వడం లేదంటారని నేను అడిగాను.

ఆవిడ ఆశ్చర్యంగా చూశారు. “పడటం నేనెప్పుడూ గీయలేదండీ.”

కిశోర్ నమ్మలేదు. గీశారు, నాకు బాగా గుర్తుంది అన్నాడు. ఫోన్ తీసి ఆ పేజీ వెతికాడు. మొదటి గడిలో సూర్రావు చేతులు చాపి షెడ్డు మీంచి దూకుతున్నాడు. పక్క గడిలో వాళ్ళమ్మ గుమ్మంలో నిలబడి తడిసిన దుప్పటి పిండుతోంది. అంతే. మిగతా పేజీలు కూడా తిప్పాడు. వంతెన మీంచి దూకిన పేజీ, ట్రాక్టరు మీంచి దూకిన పేజీ, అన్నిట్లోనూ అంతే. పడటం ఎక్కడా లేదు. కిశోరూ నేనూ ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. నాకు కూడా చూసినట్టే గుర్తుంది.

ఎందుకు గీయలేదని అడిగితే టీచర్ సిగ్గుపడ్డారు. కాళ్ళూ చేతులూ అలా వంకర్లు పోతే తనకు గీయడం రాదన్నారు. ఇంకో మాట కూడా అన్నారు. “అయినా మనిషి పడిపోతుంటే గీయబుద్ధి కాదండీ నాకు.”

హాల్లో రెండో వరసలో ఆవిడ అన్న ‘అయ్యో పాపం’ అర్థం నాకప్పుడు తెలిసింది. కాగితం మీద సూర్రావుకు దెబ్బ తగలదు. తెర మీద ఉన్నది రాంబాబు. ఒక నిజం మనిషి, నిజం నడుముతో, నిజం నీళ్ళలో వెల్లకిలా పడుతున్నాడు. మేము ఎంత బాగా తీస్తే అది అంత నొప్పిగా ఉంటుంది.

టీచర్ వెళ్ళాక కిశోర్తో చెప్పాను, దూకగానే కట్ చేసి తల్లి దగ్గరికి వెళ్దామని. కానీ తల్లి దుప్పటి పిండే షాట్ స్క్రిప్టులో లేదు. మేము తీయలేదు. వరలక్ష్మి గారు అప్పటికి వేరే పని మీద రాజమండ్రి వెళ్ళిపోయారు. మళ్ళీ యూనిట్‌ను దింపడానికి చానల్ ఒప్పుకోదు. పైగా కిశోర్కు మనసొప్పలేదు.

“ఆ షాట్ తీసేస్తే ఇక ఈ ఎపిసోడ్‌లో నేను తీసిందేముందండీ మేడమ్?” అన్నాడు. ఆ గొంతులో కోపం లేదు. ఎదురు చెప్పడం నాకే కష్టమైంది.

నేను మళ్ళీ రషెస్ ముందు కూర్చున్నాను. ప్రతి షాట్‌కూ చివర కొంత అనవసరమైన భాగం ఉంటుంది. నటన అయిపోయాక దర్శకుడు కట్ చెప్పేదాకా కెమెరా తిరుగుతూనే ఉంటుంది. దాన్ని టెయిల్ అంటాం. మామూలుగా ఎవరూ చూడరు. దూకే సీను రోజు తీసిన వాటి టెయిల్స్ అన్నీ వరసగా వేసుకుంటూ పోయాను. భోజనాల వేళకు దొరికింది. రాంబాబు నీళ్ళలోంచి వచ్చి గట్టు మీద నిలబడ్డాడు. సీను అయిపోయింది. కిశోర్ గూడబాతులను చూస్తూ కట్ చెప్పడం మర్చిపోయినట్టున్నాడు. పక్కన తన సీను కోసం ఎదురుచూస్తున్న వరలక్ష్మి గారు, తడిసి ముద్దయిన ఆ పిల్లాణ్ణి చూసి ఆగలేక ఫ్రేములోకి వచ్చేశారు. అతని భుజాల మీంచి దుప్పటి లాగి, గట్టిగా పిండుతూ, అతని మొహం కేసి చూడకుండానే అన్నారు. శబ్దం కూడా శుభ్రంగా వచ్చింది.

“తల తుడుచుకో నాయనా. జలుబు చేస్తాది.”

అది వేషం వేసుకున్న వరలక్ష్మి గారు రాంబాబుతో అన్న మాట. సూర్రావుతో వాళ్ళమ్మ అన్నా అక్షరం మార్చక్కర్లేదు. దూకుతున్న రాంబాబు కాళ్ళు షెడ్డు అంచు వదిలిన మరుక్షణం దాన్ని అతికించాను. కుర్చీలో ఒక్కదాన్నే కూర్చుని పకపకా నవ్వాను.

ఆ మధ్యాహ్నమే భార్గవి గారు నాకు నేరుగా ఫోన్ చేశారు. దర్శకుడు మొండికేస్తున్నాడని విన్నాననీ, నా కట్ ఏదైనా ఉంటే తనకు పంపించమనీ అడిగారు. మా వృత్తిలో దర్శకుడు చూడని కట్ పైకి వెళ్ళకూడదు. కిశోర్ గారు చూశాక పంపుతానండీ అని చెప్పాను. ఆవిడకు నచ్చలేదు గానీ కాదనలేదు.

కిశోర్కు కొత్త కట్ చూపించాను. తీగలూ, క్రేనూ, గూడబాతుల గుంపూ, అన్నీ పోయాయి. అతను నవ్వలేదు. తన షాట్ కోసం ఎదురుచూస్తున్నవాడిలా తెరనే చూస్తూ ఉండిపోయాడు.

“ఇదీ మీరు తీసిందేనండీ. మీరు కట్ చెప్పడం ఆలస్యం చేశారు గనకే దొరికింది,” అన్నాను.

ఈసారి హాల్లో ఇది వేద్దామన్నాడు. కానీ తను వెనక నిలబడి చూసి నిర్ణయిస్తానన్నాడు. అది అతని హక్కు కూడా.

రెండోసారి కూడా అదే హాలు, జనం మాత్రం వేరు. నేను ఎప్పటిలాగే ముందు కూర్చుని వెనక్కు తిరిగాను. సూర్రావు షెడ్డెక్కాడు. చేతులు చాపాడు. దూకాడు. దుప్పటిలోంచి నీళ్ళు ధారగా కారాయి. అర క్షణం ఏమీ లేదు. తర్వాత ఎక్కడో వెనక ఒక మగగొంతు భళ్ళున నవ్వింది. అది వరసల వెంట ముందుకు పాకింది. వరలక్ష్మి గారి మాట పూర్తయ్యేసరికి హాలంతా ఊగిపోతోంది. ముందు వరసలో ఒక ముసలాయన కండువాతో కళ్ళు తుడుచుకుంటున్నాడు. నవ్వు ఆగలేదు. చెరువు యజమాని వచ్చి, సూర్రావును చూపించి ఈ గూడబాతును కట్టేయమని అరిచే తర్వాతి సీను ఆ నవ్వులోనే కొట్టుకుపోయింది. నేను తలెత్తి చూస్తే కిశోర్ గోడకు ఆనుకుని నిలబడి, రెండు చేతులతో మొహం కప్పుకున్నాడు. భుజాలు కదులుతున్నాయి. అతను కూడా నవ్వుతున్నాడని తెలియడానికి కాస్త టైం పట్టింది.

ఆట అయిపోయాక జనాన్ని తోసుకుంటూ నా దగ్గరికి వచ్చాడు.

“మేడమ్, తర్వాత డైలాగ్ వినపళ్ళేదండీ. అక్కడ కొంచెం పెంచాలి.”

మర్నాడు తల్లి షాట్ చివర కాస్త నిడివి పెంచి, నవ్వుకు చోటిచ్చి, ఎపిసోడ్ లాక్ చేశాం. భార్గవి గారు మొత్తం సీరియల్‌కు ఒప్పుకున్నారు. రాంబాబుకు ఆ కబురు నేనే ఫోన్లో చెప్పాను. అతను ఒక్క నిమిషమండీ అని ఫోన్ పక్కన పెట్టేసి ఇంట్లో వాళ్ళను పిలిచిన కేక నాకు ఇక్కడ వినిపించింది. సీరియల్ రెండు సీజన్లు నడిచింది. రాంబాబు వంతెనల మీంచీ లారీల మీంచీ నీళ్ళ ట్యాంకుల మీంచీ దూకాడు. ఒక్కసారి కూడా పడటం చూపించలేదు. ఆ తర్వాత ఏలూరులో నన్ను కలిసిన వాళ్ళెందరో, అతను చెరువులో వెల్లకిలా పడే సీను అద్భుతమండీ, నీళ్ళు అంతెత్తున లేచాయి అని చేతులతో చూపించారు. నేను ఎవరినీ సరిదిద్దలేదు.

ఈ పైలట్‌తో నేను నేర్చుకున్నది ఇది. బొమ్మల కథను మనుషులతో తీసేటప్పుడు, గీసిన గళ్ళను ఎలా తీయాలా అని అందరం ఆలోచిస్తాం. గడికీ గడికీ మధ్య గీయకుండా వదిలేసింది ఏమిటో అంతకంటే ముందు చూసుకోవాలి. హాస్యం అక్కడ ఉంటే దాన్ని చూపించకూడదు, ప్రేక్షకుడికి వదిలేయాలి.