మోక బస్సులో వచ్చిన కామకస్తూరి

నేను రిటైరు కావడానికి కొన్నేళ్ల ముందు బళ్లారి దగ్గర ఒక ఉక్కు కర్మాగారం గెస్ట్‌హౌస్‌లో కిచెన్ ఇన్‌చార్జిగా ఉన్నాను. ఇన్‌చార్జి అంటే వండేవాడు మాత్రమే కాదు. మెనూ వేసేదీ, సరుకు చూసేదీ, వడ్డించేముందు ప్రతి గిన్నె రుచి చూసి సరే అనేదీ అతనే. ఆ శ్రావణమాసంలో యంత్రాలు బిగించడానికి ఇటలీ ఇంజనీర్లు వచ్చారు. వాళ్ల వీడ్కోలు భోజనంలో వాళ్ల పాస్తానే పెట్టాలని పైనుంచి ఆదేశం. మా మేనేజర్‌కు మా మీద నమ్మకం లేదు. ఇది తప్పితే అతిథుల భోజనాలు హోటల్‌కు అప్పగిస్తాననీ, మాకు టీ టిఫిన్లే మిగులుతాయనీ ముఖం మీదే చెప్పాడు. నాకు ఒళ్లు మండింది. మేమే చేస్తామన్నాను.

ఆ పాస్తాకు పట్టించేది పెస్తో, అంటే బేసిల్ ఆకు, వెల్లుల్లి, పైన్ గింజలు, చీజ్, ఆలివ్ నూనె కలిపి నూరే పచ్చడి. పొయ్యి ఎక్కదు. సరుకు బెంగళూరు నుంచి వచ్చింది గానీ ఆకు పెట్టెలోనే కమిలి నల్లబడింది. మరునాడే భోజనం. మేనేజర్ గాంధీనగర్‌లోని తన ఇంటి నుంచి బుట్టెడు తులసి తెప్పించి, "రెండూ ఒకటే జాతి గదప్పా, రుబ్బించు" అన్నాడు.

మసాలాలు నూరే ఈరమ్మ రోటి ముందు నుంచి లేచింది.

"ఆగల్ల సార్, నా చేత కాదు. పొద్దున్నే ఆ తల్లికి దీపం పెట్టి వస్తాండా. ఆమెనే తెచ్చి వెల్లుల్లితో నూరమంటే చెయ్యి ఎట్లాడుతాది? పని తీసేసినా సరే."

అయితే రేపటి నుంచి రావద్దన్నాడు మేనేజర్. ఆ జీతం మీదే ఇల్లు నడుపుతున్న మనిషి. అయినా మాట మార్చలేదు. నా వంటగదిలో తులసి నూరేది లేదు, ఈమె ఎక్కడికీ పోదు అని నేనూ తెగేసి చెప్పాను. రేపు ఏం పెడతావో చూస్తానని ఆయన విసురుగా వెళ్లిపోయాడు.

ఈరమ్మను కూర్చోబెడుతుంటే ఆమె కొప్పులోంచి ఒక వాసన తగిలింది. మల్లెల మధ్య ఏదో పచ్చటి ఆకు కట్టి ఉంది. ఒక రెబ్బ అడిగి నలిపాను. అరె! వంట శిక్షణ రోజుల్లో నా ముక్కుకు పట్టిన బేసిల్ ఇదే.

"ఇది కామకస్తూరి సార్. మా ఊరు మోకలో చేను గట్టున ఉండాది."

"మందు కొట్టినారా?"

"గట్టు మీది మొక్కకు మందెవురు కొడతారు సార్! దీన్ని నూరేకి నాకేం అడ్డం లేదు."

మర్నాడు మొదటి బస్సులో తడిగుడ్డ మూటతో దిగింది. మిక్సీ వేడికి ఆకు నల్లబడుతుంది కాబట్టి రోట్లోనే నూరించాను. బెంగళూరులో దొరకని పైన్ గింజలకు బదులు వేయించిన చెనక్కాయ గింజలు వేశాం. పాస్తాను ఉప్పునీళ్లలో కాస్త పలుకుండగానే దించాను. బీన్స్, క్యారెట్, లేత బీరకాయ ముక్కలు విడిగా వేయించి, మంట ఆర్పాకే పాస్తానూ పచ్చడినీ వాటితో కలిపి, పాస్తా ఉడికిన నీళ్లు ఒక గరిటె పోశాను.

ఇంజనీర్లలో పెద్దాయన రెండోసారి వడ్డించుకుని, బ్రెడ్డుముక్కతో ప్లేటు తుడిచి మరీ తిన్నాడు. మేనేజర్ కూడా ఖాళీ చేశాడు. వంటవాళ్లు భోజనాల గదిలోకి రాకూడదన్న నియమాన్ని పక్కనపెట్టి ఈరమ్మను పిలిచి, నూరింది ఈమే అని అందరి ముందూ చెప్పాను. గర్వంగా చెప్పాను, దాచేదేముంది! ఆమె ఉద్యోగం నిలబడింది. మేనేజర్ హోటల్ మాట మళ్లీ ఎత్తలేదు.

ఆ ఉద్యోగం నాకు నేర్పింది ఇది: వంటగదిలో ఎవరైనా "చేయను" అంటే, పొమ్మనేముందు ఒక్క పూట ఆగాలి. తులసి ఘాటు వేరు, పాస్తాకు నప్పదు. ఆ రోజు ఈరమ్మ తలవంచి నూరి ఉంటే, మా వంటగదికి టీ గిన్నెలే మిగిలేవి.