సాంచెల షెడ్డులో రెండు హీట్‌సింకులు

సిరిసిల్లలో నేను కంప్యూటర్ రిపేరు షాపు పెట్టిన కొత్తలో జరిగిందిది. మా బాపు సాంచె నడిపే మరమగ్గాల షెడ్డులో, చీరల డిజైన్లు గీసే రెండు కంప్యూటర్లు వేడెక్కి ఆగిపోతున్నాయని సేటు నన్ను పిలిపించాడు.

ప్రాసెసర్‌ను చల్లబరిచే హీట్‌సింకులు మార్చాను. ఒకదానికి దగ్గర దగ్గర రెక్కలున్న ఖరీదైన పెద్దది, రెండోదానికి ఎడమెడంగా రెక్కలున్న చిన్నది. కొలిచి చూస్తే పెద్దది బిగించిన కంప్యూటరే బాగా చల్లగా ఉంది.

"చూడుండ్రి సేటూ, ఇగ దీనికి తిరుగులేదు" అన్నాను గొప్పగా.

నెల తిరక్కుండానే అదే ఆగిపోయింది. చిన్నది బిగించింది మాత్రం హాయిగా నడుస్తోంది.

"ఆడపిల్లతోని కాదని అప్పుడే అనుకున్న" అన్నాడు సేటు, పనివాళ్లందరి ముందూ. నాకు తల కొట్టేసినట్టయింది.

బాపు సాంచె ఆపి వచ్చాడు. నేను విప్పి పెట్టిన పెద్ద హీట్‌సింకును వెలుతురుకు ఎత్తి చూశాడు.

"రెక్కలు దువ్వెన పండ్లలెక్క గింత దగ్గరగుంటే నూలు నుసి ఎటు పోతది బిడ్డా? రోజు దులిపేటోళ్లుంటే గిది పెట్టు. లేకుంటే చిన్నదే నయం."

సాంచె దులిపే బ్రష్షుతో గీకితే నుసి గుడ్డపేలికలా ఊడివచ్చింది. మళ్లీ బిగించగానే కంప్యూటర్ చల్లబడింది. సేటు అలాంటి బ్రష్షొకటి తెప్పించి కంప్యూటర్ల పక్కన పెట్టించాడు.

ఇప్పుడు ఏ హీట్‌సింకు మంచిదని ఎవరడిగినా, కంప్యూటర్ ఎక్కడ పెడతారని ముందు అడుగుతాను. ఈ పని ఎక్కడ నేర్చుకున్నావంటే కాలేజీ పేరు చెబుతాను. ఆ వెంటనే మా బాపు పేరు కూడా చెబుతాను.

– లావణ్య, సిరిసిల్ల