జేబులు తిరగేసి ఇవ్వండి

మూడో అంతస్తు బ్యాంకాయన మెట్లు దిగుతూనే అరుపులు మొదలుపెట్టాడు. ఇస్త్రీకి వేసిన చొక్కా జేబులో తన ఉంగరం ఉండిపోయిందట, మర్యాదగా ఇచ్చెయ్యమని. మా భవనం మెట్ల కింద బల్ల వేసుకున్న ఇస్త్రీ ఆవిడ పెట్టె పక్కన పెట్టి, నడుం మీద చెయ్యేసుకుని నిలబడింది.

"మీ చేతే జేబు తిరగేయించి తీసుకున్నాను కదండీ. బస్సు టికెట్టు ముక్క, ఒక లవంగం రాలాయి. లవంగం మీరే నోట్లో వేసుకున్నారు."

"జైలుకెళ్ళొచ్చినదానివి, నీ మాట నమ్మాలా?"

"వెళ్ళొచ్చాను కాబట్టే మీ జేబులో చెయ్యి పెట్టను. పోలీసుల్ని పిలవండి. ఫోను లేదా? పెద్దమ్మగారి ఫోనివ్వమంటారా?"

పక్కనే నిలబడి చూస్తున్న నేను ఫోను తియ్యబోతుండగా పైనుంచి ఆయన భార్య కేక వినిపించింది. "ఏవండీ, ఉంగరం సబ్బు పెట్టెలో ఉంది, పైకి రండి!"

ఆయన వెనక్కి తిరిగాడు. ఆవిడ వదల్లేదు. చొక్కా ఆయన చేతిలో పెట్టింది. "ఇకమీదట మీ బట్టలు తీసుకోను. ఇంట్లో చేసుకోండి."

చూసినవాళ్ళందరం నవ్వాం. నేను కాస్త గట్టిగానే నవ్వాను.

ఆవిడ జైలుకెళ్ళింది దొంగతనానికే. పనిచేసే ఇంట్లో గాజులు తీసింది. మొగుడు చేయించాడనో, ఆకలేసిందనో కథలల్లదు. నాలుగేళ్ళు లోపలుంది, అక్కడే ఇస్త్రీ నేర్చుకుంది. బయటికొచ్చాక సొంత అన్నే గుమ్మం ఎక్కనివ్వలేదు. మా మెట్ల కింద చోటు అడిగిన రోజున, ఎవరూ అడక్కముందే ఇదంతా తనే చెప్పింది. అప్పట్నుంచీ ఆవిడది ఒకటే పద్ధతి. ఇచ్చేవాళ్ళే ఆవిడ ఎదుట జేబులు తిరగెయ్యాలి. అవి బయటికి వేలాడుతుంటేనే గుడ్డ ముట్టుకుంటుంది. విసుక్కుని పోయినవాళ్ళున్నారు. మళ్ళీ వాళ్ళే వచ్చారు, ఆవిడ వేసిన మడత ఇంకెవరికీ రాక.

బ్యాంకాయనకు ఆ గొడవ అరగలేదు. ఆవిడను ఖాళీ చేయించాలని ఆదివారానికి భవనంవాళ్ళందరి మీటింగు పెట్టించాడు. బల్ల పోతే తిండీ పోతుంది, బల్ల పక్కన పడుకునే చోటూ పోతుంది. నాకు ఒళ్ళు మండిపోయింది.

"నువ్వు చాలా మంచిదానివనీ, ఏదో తెలియక చేశావనీ నేను చెప్తాలే," అన్నాను.

"వద్దు పెద్దమ్మగారూ. తెలిసే చేశాను. నా తరఫున ఎవర్నీ బతిమాలకండి." పెట్టె ఎత్తి ఎవరిదో ప్యాంటు మీద ఆనించింది. "ఒక్కటి అడగండి చాలు. జడ్జిగారు నాలుగేళ్ళేశారు, అయిపోయాయి. వీళ్ళెన్నేళ్ళేస్తారో చెప్పమనండి."

"నువ్వే అడగరాదూ?"

"నేనడిగితే పొగరంటారు. మీకెలాగూ ఆ పేరుంది. మీరడగండి."