జమున విప్పిన కాలర్లు

జమునను ఒకచోట కూర్చోబెట్టడం ఎవరి తరమూ కాదు. సిరిసిల్ల ఊరి చివర బడి చొక్కాలు కుట్టే యూనిట్‌లో నాలుగో లైనుకు ఆమె సూపర్‌వైజర్. సూపర్‌వైజర్ కోసమని అక్కడ ఓ ప్లాస్టిక్ కుర్చీ వేశారు. ఆ కుర్చీలో టిఫిన్ డబ్బా, నీళ్ల సీసా, ఎవరెవరివో చున్నీలు కూర్చుంటాయి గాని జమున కూర్చోదు. ఇరవై నాలుగు మిషన్ల మధ్య పొద్దున్నుంచి సాయంత్రం దాకా కాలుగాలిన పిల్లిలా తిరుగుతూనే ఉంటుంది. ఒకరికి దారం రీలు అందిస్తుంది, ఒకరికి సూది మారుస్తుంది, ఇంకెవరైనా వెనకబడితే పక్కకు జరగమని నాలుగు చొక్కాలు తనే కుట్టేస్తుంది. చూసినవాళ్లు అబ్బో ఎంత కష్టజీవో అనుకుంటారు. నిజం చెప్పాలంటే అది కష్టం కాదు, తప్పించుకోవడం. నోటితో చెప్పాల్సిన మాటను చేతులతో, కాళ్లతో దాటేస్తోంది.

ఆమె కష్టం ఆమెది. వాళ్ల ఊరు వీర్నపల్లి. అక్కడినుంచి రోజూ ఆటోలో వచ్చే ఎనిమిది మందిలో ఇద్దరు వదినలు, ఒకామె మేనత్త వరస, ఒకామె సొంత చిన్నత్త. ఊళ్లో ఎదురుపడితే కొంగు సర్దుకుని పక్కకు జరగాల్సిన మనుషులకు, ఊరు దాటి పదిహేను మైళ్లు రాగానే 'ఇది తప్పు, మళ్లీ కుట్టు' అని ఎలా చెబుతుంది? 'చెయ్యుండ్రి' అనే మాట ఆమె నోట రాదు. 'చేద్దమా' అని వస్తుంది. చేద్దామా అని అడిగితే ఎవరు చేస్తారు, అడిగినామే చేస్తుంది.

ఆ చిన్నత్త పేరు శంకరవ్వ. జమున భర్త రవికి పిన్ని. రవి సౌదీలోని దమ్మాంలో లారీ నడుపుతాడు. పెళ్లయిన ఏడాదికే అతను విమానం ఎక్కితే, ఇంట్లో పొద్దుపోక జమున శంకరవ్వ ఇంటికి వెళ్లి మిషన్ తొక్కడం నేర్చుకుంది. ఆ ఊళ్లో సగం మంది ఆడవాళ్ల జాకెట్లు శంకరవ్వ చేతిమీదుగా వెళ్లినవే. యూనిట్ పెట్టినప్పుడు ఇద్దరూ ఒకే రోజు వచ్చి చేరారు. పోయిన దసరా తర్వాత జమునను సూపర్‌వైజర్ చేశారు. శంకరవ్వ పదకొండో నంబరు మిషన్ మీద కాలర్లు కుడుతుంది. చొక్కా వేసుకున్నవాడిని చూడగానే ముందు కంటబడేది కాలరే కాబట్టి, లైనులో ఆ మిషన్‌కు ఒక గౌరవం ఉంది.

శివరాత్రి వెళ్లాక ఆ గౌరవానికి చిన్న వంకర వచ్చింది. శంకరవ్వ కుట్టిన కాలర్లలో ఎడమ మూల ఒక పొడుగు, కుడి మూల ఒక పొడుగు రాసాగాయి. మొదటిసారి చూసినప్పుడు జమున ఆ చొక్కాను తిప్పి తిప్పి చూసింది. బాగాలేని చొక్కాను చెకింగ్ టేబుల్ దగ్గరే ఆపి, ఆల్టర్ అని చెప్పి కుట్టినవాళ్లకే వెనక్కి పంపడం అక్కడి పద్ధతి. శంకరవ్వకు వెనక్కి రావడమా? జమున ఆ చొక్కాలను చెకింగ్ దాకా వెళ్లనివ్వలేదు. బండిల్ మోసుకెళ్లే దారిలోనే ఏరి, మూల ఉన్న ఖాళీ మిషన్ దగ్గర దాచింది. అందరూ అన్నం తినే వేళ బ్లేడుతో కుట్లు విప్పి, మళ్లీ కుట్టి, బండిల్‌లో పెట్టేసింది. ఆ రోజు ఆరు. నెల తిరిగేసరికి రోజుకు ముప్పై.

ఇలాంటివి దాగవు. కఫ్‌లు కుట్టే సరిత చూసింది, కాజాలు వేసే పూజ చూసింది. జాలిపడి ఊరుకున్నారా అంటే, లేదు. "జర గియ్యి గూడ సూడు అక్కా" అంటూ తమ వంకర కఫ్‌లు, చిరిగిన కాజాలు కూడా ఆ మూలకే పంపడం మొదలుపెట్టారు. ఎలాగూ జమునక్క ఉందిగా. నాలుగో లైనులో ఆల్టర్లు సున్నా అని బోర్డు మీద రోజూ పడేది. ఆ సున్నా కోసం జమున రోజూ చల్లారిన అన్నం నిలబడి తినేది.

మేనేజర్ రవీందర్‌ది జగిత్యాల వైపు పాత దొరల కుటుంబం. తాతగారు గడపలో నిలబడి దగ్గితే చాలు, పనులు అయిపోయేవట. మనవడు ఎంబీఏ చదివాడు కాబట్టి దగ్గు బదులు బోర్డు పెట్టాడు. గంటకెన్ని, లైనుకెన్ని, ఆల్టర్లెన్ని. మే నెలలో అతను సూపర్‌వైజర్లందరినీ ఒక మంగళవారం జగిత్యాలకు ట్రైనింగుకు పంపాడు. ఏసీ హాల్లో ఒకాయన తెల్లబోర్డు మీద నాలుగు డబ్బాలు గీశాడు. చెప్పడం, చూసుకోవడం, ఉత్సాహపరచడం, ముందుండి నడిపించడం. పని చేయడం వేరు, చేయించడం వేరు అన్నాడు. జమున నోట్‌బుక్‌లో ఆ డబ్బాలు శ్రద్ధగా గీసుకుంది. చివర్న డౌట్లు అడగమంటే లేచి నిలబడింది.

"అత్తకు ఎట్ల చెప్పాలె సార్?"

హాలంతా నవ్వింది. "ఫ్యాక్టరీలో అత్తలు, కోడళ్లు ఉండరమ్మా" అన్నాడాయన. ఉన్నారు కాబట్టే కదా అడిగింది. జమున తల కొట్టేసినట్టై కూర్చుంది. కూర్చున్నా మనసు కుదురుగా లేదు. ఈ పూట కాలర్లు ఎవరు చూస్తారన్న ఆలోచనే.

ఎవరూ చూడలేదు. నాలుగో లైను కాలర్లంటే అనుమానమే అక్కర్లేదని చెకింగ్ వాళ్లు కూడా ఆ పక్కకు చూడటం మానేసి చాలా రోజులైంది. బుధవారం మొదటి విడత కోరుట్లలోని ఒక ప్రైవేటు స్కూలుకు వెళ్లింది. గురువారం పొద్దున ముప్పై ఎనిమిది చొక్కాలు తిరిగొచ్చాయి.

రవీందర్ వాటిని టేబుల్ మీద పరిచి జమునను పిలిచాడు.

"అన్ని పదకొండో మిషన్‌వే. అన్ని మంగళవారంవే. మంగళవారం నువ్వు జగిత్యాలల ఉన్నవ్. నువ్వుంటే మంచిగ కుట్టే మిషన్ నువ్వు లేకుంటే ఎందుకు కుడతలేదు జమునా?"

దాచి లాభం లేదు. "నేనే ఇప్పి కుడుతున్న సార్."

"రోజుకెన్ని?"

"అత్తయే ముప్పై, నలభై. సరితయి, పూజయి గూడ ఉంటయి."

రవీందర్ అరవలేదు. అరిచినా బాగుండేది. "నీకు ఇరవై నాలుగు మందిని ఇస్తే, నువ్వొక్కదానివే కుడుతున్నవన్నట్టు. శనివారం లారీ వస్తది. ఆరు వేల చొక్కాలు పూర్తి కావాలె, ఒంకర లేకుండ. కాకపోతే ఓనర్ నాలుగో లైను మూసేస్తడు. అందరు ఇంటికే. సాయంత్రం లోపల శంకరవ్వను గా మిషన్ మీదికెల్లి లేపు. నువ్వు లేపకపోతే నేను లేపుత. నేను లేపితే సక్కగ గేటు దాకనే."

ఆ రోజు జమున పదకొండో మిషన్ దగ్గరికి ఎన్నిసార్లు వెళ్లిందో లెక్కలేదు. ఒకసారి వెళ్లి నూనె ఉందా అని అడిగింది. ఒకసారి మంచినీళ్లు తెచ్చిచ్చింది. ఒకసారి ఫ్యాను తిప్పి పెట్టింది. బీపీ గోలీ వేసుకున్నావా అని రెండుసార్లు అడిగితే, "ఏమైందే నీకు, పొద్దటి సంది దూడ తప్పిపోయినట్టు తిరుగుతున్నవ్" అని శంకరవ్వ నవ్వింది. ఆ నవ్వు చూశాక ఇంకో గంట పోయింది. కాలర్లు కుట్టడం కాకుండా శంకరవ్వ చేయగల పని ఒకటి ఉందని జమునకు మూడు నెలలుగా తెలుసు. కుట్టిన కాలరు గుడ్డను తిరగేసి, మూలలు పొడిచి పదును చేసే పని. దానికి కళ్లతో పనిలేదు, వేళ్లకు తెలిస్తే చాలు. ఆ మాట చెప్పే ధైర్యమే మూడు నెలలుగా లేదు.

నాలుగు గంటల చాయ్ తాగి అందరూ మిషన్ల ముందుకు వచ్చాక వెళ్లి నిలబడింది.

"అత్తా, నీ కాలర్లు ఒంకర వస్తున్నయి. కోరుట్లకెల్లి వాపసొచ్చినయి."

శంకరవ్వ కాలు మిషన్ మీంచి లేచింది. "ఎన్నటియి?"

"మంగళవారంయి."

"గంతకుముందు ఎన్నడు రాలేదుగా?"

ఆ ఒక్కరోజే అత్తా, ఒంట్లో బాగలేదేమో అనేస్తే సరిపోయేది. మాట నాలుక చివరి దాకా వచ్చింది. జమున దాన్ని మింగింది. "శివరాత్రి సంది వస్తున్నయి. నేను ఇప్పి కుట్టి పంపుతున్న."

చుట్టుపక్కల మిషన్లు ఒక్కొక్కటే ఆగాయి. శంకరవ్వ సరిత వైపు చూసింది, పూజ వైపు చూసింది. ఇద్దరూ తలలు వంచుకున్నారు.

"అందరికి ఎరుకేనా? ఆటోల రోజు చెప్పుకుంట వస్తి, నా బండిల్ ఒక్కటి గూడ వాపసు రాదని. డ్రైవర్ హన్మంతుకు సుత చెప్పిన. అందరు ఇనుకుంటనే కూసున్నరు."

"నీకు బాధైతదని అత్తా..."

"గిప్పుడేమైతున్నది మరి?"

శంకరవ్వ దారం తెంపి, సూది కింద ఉన్న గుడ్డను తీసి పక్కన పెట్టింది. "ఇప్పుడు నేనేం చెయ్యాలె?"

"కాలర్లు తిప్పే కాడ కూసుంటవా అత్తా? లేకుంటే..."

"అడుగకు. చెప్పు."

"లే అత్తా. పోయి కాలర్లు తిప్పు" అంది జమున. శంకరవ్వ లేచి, తాను కూర్చునే దిండు చంకలో పెట్టుకుని, కాలర్లు తిప్పే టేబుల్ దగ్గరికి వెళ్లి కూర్చుంది. సాయంత్రం దాకా వంచిన తల ఎత్తలేదు. ఆమె తిప్పిన కాలర్ల మూలలు మాత్రం ఒక్కటీ వంక పెట్టడానికి లేవు.

ఆటోలో హన్మంతు రోజూలాగే పలకరించినా శంకరవ్వ రోడ్డు వైపే చూస్తూ కూర్చుంది. వీర్నపల్లిలో దిగి రెండడుగులు వేసి ఆగింది. జమున కూడా ఆగింది.

"కండ్లు మసకలున్నయని నాకు ఎరుకైంది ఎప్పుడో తెలుసా? శివరాత్రి ముంగట. దవాఖానకు పోదామనుకున్న. ఎందుకైనా మంచిదని ఆగి చూసిన. కుట్టు చెడితే బండిల్ వాపసొస్తది గదా, వస్తే పోదాం అనుకున్న. ఒక్కటి రాకపాయె. అయితే కండ్లు మంచిగనే ఉన్నయి, వట్టిదే భయపడుతున్న అనుకున్న." కొంగుతో మొహం తుడుచుకుంది. "మూడు నెలలు బిడ్డా."

అంతే అంది. తిట్టలేదు. జమున మొహం చెల్లక నిలబడింది. శంకరవ్వ తన ఇంటి సందులోకి తిరిగిపోయింది.

శుక్రవారం కాలర్ల మిషన్ మీద ఇంకొకామెను కూర్చోబెట్టారు. శనివారం శంకరవ్వ పనికి రాలేదు. కరీంనగర్ కంటి దవాఖానకు వెళ్లింది. తోడొస్తానన్న జమునను రానివ్వలేదు. "నీకు లారీ ఉన్నది" అంది. ఆ మాటలో కోపం ఉందో, లేదో తెలియక జమున పొద్దున్నుంచి ఫోన్ చేతిలోనే పట్టుకుని తిరిగింది. ఫోన్ మోగలేదు. లారీ రావడానికి గంట ఉంది, ఇంకా రెండు వందల చొక్కాలు కావాలి.

సరిత అలవాటు ప్రకారం ఐదారు చొక్కాలు తలెత్తకుండానే జమున వైపు చాపింది. కఫ్‌లు వంకర. జమున చేయి దానంతటదే ముందుకు వెళ్లింది. మధ్యలో ఆగింది.

"నువ్వే ఇప్పి కుట్టు."

సరిత తలెత్తింది. "లారీ వస్తది గదా అక్కా. నువ్వైతే జల్ది..."

"రానియ్యి. ఇప్పు. నీ చేతి తప్పు నీకు కనబడాలె."

సరిత మూతి ముడుచుకుని బ్లేడు తీసుకుంది. లారీ వచ్చి గేటు ముందు హారన్ కొట్టింది. రవీందర్ కిటికీలోంచి రెండుసార్లు చూశాడు. జమున కాళ్లు పరుగెత్తమని తొందరపెట్టాయి, చేతులు దురద పెట్టాయి. అయినా సరిత చివరి కుట్టు విప్పేదాకా ఆ మిషన్ పక్క నుంచి కదల్లేదు.