రిపేరు భాయ్ అంగట్లో గంట ఆట

రిపేరు భాయ్ పోయాడని మొన్న మంగళవారం పొద్దున ఫోన్ వచ్చింది. అప్పుడు నేను బిల్డింగు ముందు పైపుతో మెట్లు కడుగుతున్నాను. ఫోన్ చేసింది ప్రొద్దుటూరు నుంచి ఆయన భార్య. "అన్నా, ఆయన లేడన్నా. ఫజర్ నమాజుకు లేపుదామని పోతే లేయలేదు" అంది. నేను బకెట్ పక్కనే కూర్చుండిపోయాను. ఆమె ఏడుస్తూనే, "నీళ్ళు పోతాండాయి అన్నా, ఇనపడతాండాది. పైపు కట్టేసుకో" అంది.

నేను రాసేవాణ్ణి కాదు. జగిత్యాల వైపు మా ఊరి బడిలో ఏడో తరగతి దాకా చదివాను. ఆయన గురించి చెప్పుకోవడానికి ఈ బిల్డింగులో నాకు ఎవరూ లేరు. అందుకని రాస్తున్నాను. తప్పులుంటే చదివేవాళ్ళు సర్దుకోవాలి.

షార్జాలో అల్ నహ్దాలో ఒక ఏడంతస్తుల బిల్డింగుకు నేను కాపలా. ఇక్కడ నాతూర్ అంటారు. కింద వరుసగా అంగళ్ళు. ఆ చివరిది భాయ్‌ది. పిల్లలు ఆడుకునే గేమ్ మిషన్లు, ల్యాప్‌టాప్‌లు, టీవీలు బాగుచేసేవాడు. ఆయనకు అసలు పేరుంది, కానీ అందరికీ రిపేరు భాయే. నాకంటే ఎనిమిదేళ్ళు చిన్న. నన్ను అన్నా అనేవాడు.

ఆయన దగ్గర ఒక పద్ధతి ఉండేది. బాగుచేసిన మిషన్‌ను వెంటనే ఇచ్చేవాడు కాదు. గంటసేపు ఆట నడిపించి చూసేవాడు. గంటలో మిషన్ వేడెక్కి ఆగిపోతే పని కానట్టు. ఆగకపోతే అయినట్టు. అందుకు ఒకటే ఆట వాడేవాడు. కంపెనీవాళ్ళు ఊరికే ఇచ్చే డెమో అది. డెమో అంటే కథలో మొదటి గంట మాత్రమే ఉంటుంది, మిగతాది కొనుక్కోవాలి. "పెద్ద పెద్ద బొమ్మలన్నా, మిషన్‌కు చెమట పడ్తాది. గంట తట్టుకుంటే యాడైనా తట్టుకుంటాది" అనేవాడు.

ఆట ఎవరో ఒకరు ఆడుతూ ఉండాలి. ఆయన చేతిలో తీగలు అతికించే సోల్డరింగ్ ఐరన్ ఉండేది. మధ్యాహ్నం ఒంటిగంట నుంచి నాలుగింటి వరకు అంగళ్ళు మూసే వేళ, నేను చల్లగా ఉంటుందని ఆయన దగ్గర కూర్చునేవాణ్ణి. కరోనా తగ్గిన ఏడాది అనుకుంటా, ఒకరోజు కంట్రోలర్ నా ఒళ్ళో పెట్టి, "ఊరికే కూర్చుంటివి గదా, ఇది తిప్పుతా ఉండు" అన్నాడు.

"నాకు రాదు భాయ్."

"నాకూ రాదులే. మిషన్ తెలివికి పరీక్ష పెడ్తాండాం, నీకు కాదు."

అట్లా మొదలైంది. దాదాపు రెండేళ్ళు, వారానికి నాలుగైదు సార్లు, అదే గంట కథ ఆడాను. షార్జాలో నా వయసు వాడు ఇంకెవడూ ఇట్లాంటి పని చేసి ఉండడు.

ఆ కథ ఇది. ఎక్కడో ఒక గ్రహం. అంతా ఎర్ర ఇసుక. అక్కడ ఒక గని స్టేషన్‌లో ఒక పిల్ల ఒక్కతే మిగిలింది. అందరూ ఓడలో వెళ్ళిపోయారు. ఎందుకు వెళ్ళారో చెప్పరు. ఆ పిల్ల గాలి మిషన్ చూసుకోవాలి, ఇసుక ఎత్తిపోయాలి, అద్దం తుడవాలి. నేను మీటలు నొక్కితే ఆమె చేస్తుంది.

అబుదాబి వైపు ఎడారిలో రువైస్ రిఫైనరీలో పదకొండేళ్ళు హెల్పర్‌గా చేశాను కాబట్టి చెబుతున్నాను, ఆ ఇసుకను చూసినవాళ్ళే ఆ బొమ్మ గీశారు. ఇసుక గోడకు ఒక్క పక్కనే ఎత్తుగా పేరుకుంటుంది. రెండో పక్క నున్నగా ఉంటుంది. వాళ్ళు అట్లాగే పెట్టారు. ఆ పిల్ల నడుస్తుంటే అడుగు చప్పుడు మొదట మెత్తగా, తరువాత గట్టిగా వస్తుంది. అది కూడా సరే. కూర్చునే ముందు కుర్చీ మీద దుమ్మును చేత్తో కాక మోచేత్తో దులుపుతుంది. అక్కడ పనిచేసినవాళ్ళకే ఆ అలవాటు. ఒక్కటే నాకు నచ్చలేదు. ఆమె బట్టలు తెల్లగా ఉంటాయి.

"అంత దుమ్ముల బట్టలు అంత తెల్లగ ఎట్ల ఉంటయ్ భాయ్?"

"కంపెనీ లాండ్రీ ఉంటాదిలే అన్నా. నీ కంపెనీ మాదిరి అనుకుంటివా?"

కథ మధ్యలో రేడియో మోగుతుంది. దూరంగా ఇంకో స్టేషన్‌లో ఉన్న మనిషి గొంతు. అతను ఏదో అడుగుతాడు. తెర మీద మూడు వరుసల ఇంగ్లీషు వస్తుంది. కింద ఒక తెల్ల గీత చిన్నదవుతూ పోతుంది. నాకు ఇంగ్లీషు అక్షరాలు వచ్చు గానీ, కూడబలుక్కుని చదివేలోపు గీత అయిపోయేది. ఆ పిల్ల ఏమీ మాట్లాడదు. అతను ఇంకోటి అడుగుతాడు. అదే తంతు. మూడోసారి అడుగుతాడు. ఆమె రేడియో ముందు అట్లాగే కూర్చుని ఉంటుంది. కాసేపటికి దూరపు గుట్ట మీద ఒక బండి దీపం కనపడి, తిరిగి వెనక్కి వెళ్ళిపోతుంది. తెర నల్లబడుతుంది. గంట ఖలాస్.

నేను అదే కథ అనుకున్నాను. ఆరేడు నెలలు అట్లాగే అనుకున్నాను. ఆ పిల్ల మీద నాకు ఇష్టం కూడా కలిగింది. ఒకరోజు ఉండబట్టలేక అడిగాను.

"పాపం, ఈ బిడ్డకు మాట రాదా భాయ్?"

భాయ్ ఐరన్ పక్కన పెట్టి నా వైపు తిరిగాడు. "ఏమంటివి?"

"మూగదా అంటున్న."

ఆయన నవ్వడం మొదలుపెట్టాడు. కళ్ళనీళ్ళు వచ్చేదాకా నవ్వాడు. "మూగది కాదన్నా, నువ్వు ఒత్తక! ఆ మూడు లైన్లు ఆ పిల్ల జవాబులు. ఒకటి ఒత్తితే మాట్లాడ్తాది. ఒత్తకపోతే గమ్మునుంటాది. ఇన్ని నెల్లు ఆ బండిని నువ్వే ఎనక్కి పంపిచ్చినావు!"

"మరి నాకెందుకు చెప్పలే?"

"నా వీపు గదా నీ తట్టు ఉండేది. ఆ పిల్ల గమ్మునుండేది ఇనపడతానే ఉన్నింది. కావాలనే ఒత్తలేదేమో అనుకుంటి. నీ గుణం అట్లాంటిదే గదా."

నాకు సిగ్గేసింది. ఆ మనిషి మూడుసార్లు అడిగేది, గాలి సరిపోతున్నదా, ఒంటరిగా ఉన్నావా, బండి పంపాలా అని. జవాబు రాకపోతే బాగానే ఉందనుకుని బండిని వెనక్కి పిలిచేవాడు. నేను లెక్కపెట్టలేనన్ని మధ్యాహ్నాలు ఆ బండిని తిప్పి పంపాను.

ఆ మరుసటి రోజు నుంచి ఆయన పని మీద నుంచి తల ఎత్తకుండానే జవాబులు తెలుగులో చెప్పేవాడు. ఆయనకు అవి నోటికి వచ్చు. "మొదటిది, బాగుండాను. రెండోది, గాలి తక్కువుండాది. మూడోది, నువ్వెవురు." నేను మొదటిసారి రెండోది నొక్కాను. ఆ పిల్ల గొంతు విన్నాను. ఉలిక్కిపడ్డాను. సన్నటి, కాస్త బొంగురు గొంతు. చాలా రోజులు మాట్లాడని మనిషి గొంతు ఎట్లా ఉంటుందో అట్లాగే ఉంది. ఆ గొంతు ఇచ్చిన పిల్ల ఎవరో గానీ ఆమెకు అది తెలుసు. ఆ రోజు బండి వెనక్కి పోలేదు. దీపం గుట్ట దిగి ఇటే వస్తుండగా తెర నల్లబడింది.

భాయ్‌కి మాత్రం మొదటి జవాబే ఇష్టం. "ఆమె బాగుండాననే చెప్పాలన్నా. వానికి ఏంటికి చెప్పాల? వాడొచ్చి ఏం చేస్తాడు?"

"బండి వస్తది గద."

"వస్తే స్టేషన్ ఎవురు చూస్తారు?"

దీని మీద మేము చాలాసార్లు వాదించుకున్నాము. వాదించింది ఆయనే. నేను రెండోది నొక్కేవాణ్ణి, అంతే.

ఆయన మాటలు కొన్ని రాస్తాను. "మిషన్ అబద్ధం చెప్పదు, దాన్ని తెచ్చినోడు చెప్తాడు" అనేవాడు. ఎవరు తెచ్చినా కింద పడలేదనే అంటారు. విప్పి చూస్తే ఒక మూల నలిగి ఉంటుంది. అది వాళ్ళకు చూపించేవాడు కాదు. "వానికీ తెలుసు, నాకూ తెలుసు. సిగ్గు పెట్టి ఏం లాభం?" టీ తెప్పిస్తే సగం గ్లాసు నాకు పోసి మిగతాది తాగేవాడు. చెప్పుకుంటే చిన్నవే. కానీ రోజులో నాతో ఎవరైనా నాలుగు మాటలు మాట్లాడారంటే అది ఆ అంగట్లోనే. మా ఇంటామె పోయినప్పటి నుంచి ఊరి నుంచి ఫోన్లు కూడా తగ్గాయి.

నిరుడు ఎండలు మొదలయ్యేటప్పుడు ఆయన కాళ్ళు వాచాయి. పది అడుగులు వేస్తే ఆగేవాడు. ఒక క్లినిక్‌కు నన్ను తోడు తీసుకుపోయాడు. డాక్టరు హిందీలో చెప్పాడు, గుండె బలహీనంగా ఉంది, ఇంటికి వెళ్ళి ఇంట్లోవాళ్ళ దగ్గర ఉండి వైద్యం చేయించుకో, ఇక్కడ ఒంటరిగా ఉండొద్దు అని. తిరిగి వచ్చేటప్పుడు టాక్సీలో భాయ్ అన్నాడు, "ఈ మాట ఈ టాక్సీలోనే ఖలాస్. మా ఆమెకు చెప్పొద్దు."

"ఎందుకు భాయ్?"

"చెప్తే రమ్మంటాది. ఇంట్లో మంచం మీద కూచుంటే నేను గూడా మూలన పడేసిన సామానే అన్నా. ఈడైతే ఇంకా రిపేరు భాయ్."

ఆయన భార్య రోజూ మధ్యాహ్నం ఫోన్ చేసేది. చేతిలో పని ఉంటే, "నువ్వు మాట్లాడన్నా" అని ఫోన్ నా వైపు జరిపేవాడు. చాలా ఏళ్ళుగా అలవాటే. వంట ఏమి, ఎండ ఎట్లా ఉంది, అంతే. క్లినిక్‌కు పోయి వచ్చిన తరువాత ఆమె అడగడం మారింది.

"అన్నా, ఆయన గొంతు ఏంటికట్ల ఉండాది? ఆయాసం మాదిరి. బాగుండాడా?"

భాయ్ బల్ల దగ్గర నుంచి నా వైపు చూసి తల అడ్డంగా ఊపాడు. నేను ఏమీ అనలేదు.

"సరేలే అన్నా. నువ్వుండావు గదా. అదే నాకు ధైర్యం" అంది.

అట్లా మూడు నాలుగు వారాలు. ఆమె అడిగేది. నేను ఊరుకునేవాణ్ణి. ఆమె బాగానే ఉన్నాడనుకుని పెట్టేసేది. ఊరుకుంటే అబద్ధం చెప్పినట్టు కాదు కదా అని నా ధీమా. చెబితే ఆయన వెళ్ళిపోతాడు. వెళ్ళిపోతే ఆ మధ్యాహ్నాలు నాకు ఉండవు. ఆయన కోసమే ఊరుకున్నానని రాస్తే అది నిజం కాదు.

ఒకరోజు ఆయన టీ గ్లాసు ఎత్తలేక రెండు చేతులతో పట్టుకున్నాడు. అప్పుడే ఫోన్ మోగింది. గ్లాసు బల్ల మీద పెట్టి, ఐరన్ అందుకుని, పనిలో ఉన్నట్టు ఫోన్ నా వైపు జరిపాడు. ఆమె అదే అడిగింది. ఆయన తల ఊపాడు. నేను ఆయననే చూస్తూ చెప్పాను.

"బాగ లేడు చెల్లె. కాళ్ళు వాచినయ్. పది అడుగులు నడుస్తలేడు. గుండె బాగలేదు, ఇంటికి పొమ్మని డాక్టర్ చెప్పిండు. నీకు చెప్తలేడు. తోలుకపో చెల్లె."

ఈ దేశంలో నేను ఒక్కసారిగా అన్ని మాటలు ఎప్పుడూ మాట్లాడలేదు. ఆయన చేతిలోని ఐరన్ ఆనిన చోటే ఆగిపోయింది. ప్లాస్టిక్ కాలిన వాసన వచ్చింది. ఫోన్‌లో ఆమె ఏడుస్తోంది. భాయ్ ఐరన్ స్విచ్ తీసి, ఫోన్ కట్ చేసి నా వైపు చూశాడు.

"ఇంక నా అంగట్లోకి రావద్దన్నా."

నేను లేచి వచ్చేశాను.

మూడు వారాల్లో అన్నీ ముగించుకున్నాడు. చేతిలో ఉన్న మిషన్లు ఒక్కొక్కటే బాగుచేసి ఇచ్చేశాడు. గాజు తలుపు అవతల నుంచి చూసేవాణ్ణి. ఆట పెట్టేవాడు. ఎవరూ ఆడేవారు కాదు. ఆ ఎర్ర ఇసుకలో ఆ పిల్ల నిలబడి ఉండేది. రేడియో దాకా కూడా పోయేది కాదు.

భాయ్ తన ఇంట్లో ఎనిమిది నెలలు ఉన్నాడు. ఒక్కసారి కూడా నాకు ఫోన్ చేయలేదు. మొన్న నీళ్ళు కట్టేసి, మళ్ళీ నేనే ఆమెకు చేశాను.

"నా గురించి ఏమన్న అన్నడా చెల్లె?"

"లేదన్నా. నీకు అబద్ధం చెప్పను. నీ పేరెత్తితే మాట మార్చేసేవాడు." ముక్కు చీది, "ముప్పై ఏండ్లలో నేను వండింది వరసగా ఎనిమిది నెల్లు తిన్నాడన్నా. నాకది చాలు" అంది.

ఆ రెండు మాటలనూ పక్కపక్కన పెట్టుకుని ఈ వారమంతా తిరుగుతున్నాను. చేసింది తప్పని అనిపించదు. అయినా మధ్యాహ్నం ఒంటిగంట అయితే ఎక్కడ కూర్చోవాలో తెలియడం లేదు.

ఆయన వెళ్ళిన రోజు గురించి చెప్పి ముగిస్తాను. సంచి ఎత్తడానికి ఆయనకు మనిషి దొరకలేదు. నేను వెళ్ళి ఎత్తుకున్నాను. వద్దనలేదు. టాక్సీలో ఎయిర్‌పోర్టు దాకా కిటికీ వైపే చూస్తూ కూర్చున్నాడు. అక్కడ ట్రాలీ మీద సంచి పెట్టాను. ఆయన తోసుకుంటూ వెళ్ళాడు. పది అడుగులకు ఒకసారి ఆగి, ఏదో బోర్డు చదువుతున్నట్టు నిలబడేవాడు.

దానంతట అది మూసుకోవాల్సిన అద్దాల తలుపు ఆ రోజు తెరిచే ఉండిపోయింది. వేడి గాలి లోపలికి కొడుతోంది. జనం పట్టించుకోకుండా పోతున్నారు. భాయ్ గడప మీద ఆగాడు. తలుపు చట్రాన్ని కింద నుంచి పైకి చూశాడు. ట్రాలీ వదిలి, ఒక చేయి మోకాలి మీద ఆనించుకుని, మెల్లగా వంగాడు. మోకాలి ఎత్తులో చట్రానికి మనుషులను కనిపెట్టే, బొత్తామంత గాజు కన్ను ఒకటి ఉంది. దాని మీది దుమ్మును బొటనవేలితో గుండ్రంగా తుడిచాడు. ఊపిరి అందక చాలాసేపు అట్లాగే వంగి ఉన్నాడు. తరువాత నడుము ఎత్తి, ట్రాలీ పట్టుకుని లోపలికి వెళ్ళాడు.

ఆయన వెనుక రెండు అద్దాలూ జరిగి వచ్చి మూసుకున్నాయి. వాటిలో ఎండ, టాక్సీల వరుస, నేను.